షెల్టర్‌లో సాయానికి వెళ్దామనుకుంటున్నా. ముందుగా ఏం తెలుసుకోవాలి?

బైరాగిపట్టెడ_బాబు
మంగళవారం, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందని, గురువారం నుంచి మన తిరుపతి జిల్లాలో భారీ వర్షాలని చెబుతున్నారు కదా. మా వార్డు సచివాలయంలో అడిగితే దగ్గర్లోని మున్సిపల్ స్కూల్లో పునరావాస కేంద్రం పెడతామని, సాయపడే కుర్రాళ్లుంటే పేర్లు ఇమ్మని అన్నారు. నేనూ నా ఫ్రెండ్స్ ఇద్దరూ ఇచ్చేశాం. ఇచ్చాక టెన్షన్ మొదలైంది.

2021 నవంబర్‌లో తిరుపతికి వరదలొచ్చినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నా. మేడ మీద నిలబడి వీడియోలు తీశానే తప్ప ఒక్కరికి గ్లాసుడు నీళ్లిచ్చిన పాపాన పోలేదు. ఈసారైనా ఏదో ఒకటి చేయాలని ఉంది. తలా వెయ్యి వేసుకుని రెండొందల పులిహోర పొట్లాలు, ఇంట్లో ఉన్న పాత బట్టలు పట్టుకెళ్దామనుకున్నాం. సరిపోతుందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

స్వర్ణముఖి_గట్టు
మంగళవారం, రాత్రి 9:31

తమ్ముడూ, ముందు ఆ పులిహోర పక్కన పెట్టు. నీ మనసుతో పేచీ లేదు, పులిహోరతోనే.

మాది తిరుచానూరు. 2021లో స్వర్ణముఖి ఏరు ఎలా వచ్చిందో, గట్టున ఉన్న ఇళ్లు ఎలా ఒరిగి అందులో పడ్డాయో నువ్వూ చూసే ఉంటావు. మా ఇల్లు పడలేదు కానీ నడుములోతు నీళ్లు. అమ్మానాన్నలతో మూడు రోజులు ఒక కల్యాణ మండపంలో ఉన్నాం. మొదటి రోజు మధ్యాహ్నం గంటన్నర లోపల ఏడు బండ్లు వచ్చాయి. ఏడింట్లోనూ పులిహోరే. మేం ఉన్నది నూట యాభై మంది, పొట్లాలు తొమ్మిదొందల పైమాటే. సాయంత్రానికి సగం వాసనేశాయి. ఎక్కడ పారేయాలో తెలియక మెట్ల కింద పోగేస్తే కుక్కలు చేరాయి. రెండో రోజు రెండు బండ్లు. మూడో రోజు వాన తెరిపిచ్చింది, కాస్త ఎండ కాసింది. ఇక అంతా అయిపోయిందనుకున్నారేమో, ఒక్క బండీ రాలేదు. ఇళ్లలో చూస్తే మోకాలి దాకా బురద. ఆ పూట పిల్లలకు బన్ను కూడా దొరకలేదు.

అందుకే చెప్పేది, డబ్బు మూడో రోజుకు దాచు.

వంటమాస్టర్_రేణిగుంట
మంగళవారం, రాత్రి 9:50

పులిహోరను తిట్టకండి సార్. తప్పు దానిది కాదు, కట్టినవాళ్లది. చింతపండు పడితే నిలవుంటుందంటారు. నిజమే, అన్నం పళ్లెంలో ఆరబెట్టి నూనె సరిగ్గా పోసి కలిపితే! వీళ్లు పొగలు కక్కుతున్న అన్నంలో పులుసు కలిపి, అలాగే ప్లాస్టిక్ కవర్లో కట్టి, అట్టపెట్టెల్లో ఒకదాని మీద ఒకటి కుక్కేస్తారు. లోపల చెమట పట్టి అయిదారు గంటల్లో జిగురు సాగుతుంది.

అక్కడే వండటం మేలు. వంద మందికి పూటకు పన్నెండు, పదమూడు కిలోల బియ్యం, సాంబారుకు మూడు కిలోల కందిపప్పు. కట్టెలు తడిసిపోయి ఉంటాయి కాబట్టి రెండు సిలిండర్లు, ఒక పెద్ద పొయ్యి చూసుకోవాలి. స్కూలైతే మధ్యాహ్న భోజనం గిన్నెలుంటాయి, వండే అక్కలూ ఉంటారు. వాళ్లను అడక్కుండా నీ వంటవాణ్ణి దించకు, అలుగుతారు. అలగడం న్యాయం కూడా. వాళ్లకు కావాల్సింది తరిగే చేతులు. ఉల్లిపాయలు కోయడం వచ్చా తమ్ముడూ?

బైరాగిపట్టెడ_బాబు
మంగళవారం, రాత్రి 9:53

నేర్చుకుంటానన్నా. బట్టల సంగతి ఎవరూ చెప్పలేదు.

సందేహాల_స్వామి
మంగళవారం, రాత్రి 10:12

చేదుగా ఉంటుంది, అయినా అంటా. ఇదంతా మన తృప్తి కోసమే. 2021లో కపిలతీర్థం దగ్గర నీళ్లు దూకుతుంటే ఫొటోలకు ఎగబడింది మనమే. శ్రీకృష్ణానగర్‌లో భూమిలో ఉన్న నీళ్ల తొట్టి వరలతో సహా పైకి లేచి నిలబడితే, ఆ ఇంటామె ఎలా ఉందో అడిగినవాళ్లకన్నా దాన్ని చూడ్డానికి పోయినవాళ్లే ఎక్కువ. ఎన్డీఆర్‌ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) వాళ్లు పక్కన అరక్కోణంలోనే ఉన్నారు. పోలీసులు, ఫైరు, రెవెన్యూ అందరూ ఉన్నారు. శిక్షణ లేని ముగ్గురు కుర్రాళ్లు పోయి వాళ్లకు అడ్డం పడటం తప్ప చేసేదేముంది? నిజంగా ఆసక్తి ఉంటే, విపత్తుల్లో సాయపడేవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ‘ఆపద మిత్ర’ శిక్షణ తీసుకోండి. పన్నెండు రోజులు. ఆ తర్వాత మాట్లాడదాం.

వాకాడు_మాస్టారు
మంగళవారం, రాత్రి 10:47

సందేహాల స్వామి గారూ, మీరన్నదాంట్లో సగం నిజం. ఆ శిక్షణ మంచిదే, వాన లేని రోజుల్లో తీసుకోవాల్సిందే. మిగతా సగానికి నా జవాబు ఇది. ఎన్డీఆర్‌ఎఫ్ వాళ్లు మనిషిని నీళ్లలోంచి తెస్తారు. తెచ్చి మా స్కూల్లో దింపి ఇంకో ఊరికి పోతారు. ఆ మనిషితో అర్ధరాత్రి రెండింటికి కూర్చునేదెవరు?

నేను వాకాడు వైపు ఒక ప్రభుత్వ పాఠశాలలో పని చేస్తున్నా. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా వచ్చాక మేమూ తిరుపతి జిల్లా వాళ్లమే అయ్యాం. అప్పటిదాకా మా తుఫానులు నెల్లూరు లెక్కలోకి పోయేవి. మీకు తుఫాను అంటే కొండ మీద నుంచి దిగే నీళ్లు, వంకలు, చెరువుల మొరవలు (అలుగులు). మాకు ఆ నీళ్లతోపాటు గాలీ, సముద్రమూ. పైగా మీ స్వర్ణముఖే మా బ్యారేజీ దాకా వచ్చేది. ఎగువన కల్యాణి డ్యామ్ గేట్లెత్తారని టీవీలో వస్తే ఇక్కడ మేం తాళంచెవి వెతుక్కుంటాం.

తాళంచెవి మాట ఊరికే అనలేదు. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫాను వచ్చినప్పుడు మా స్కూలు షెల్టర్ అయింది. తీరం దాటింది బాపట్ల దగ్గరైనా అంతకుముందే మమ్మల్ని కుమ్మేసి పోయింది. గదులు తెరిచాం, జనం వచ్చారు, బియ్యం వచ్చాయి. ఆడపిల్లల మరుగుదొడ్ల తాళంచెవి మాత్రం ఆదివారం నుంచి ఎవరి జేబులో ఉందో తేలలేదు. రాత్రి ఎనిమిదింటికి రాయితో తాళం పగలగొట్టాను. పగలగొట్టాక లోపల బల్బు లేదు, తలుపుకు గడియ లేదు.

కేంద్ర విపత్తు సంస్థ పెట్టిన కనీస ప్రమాణాల్లో సహాయ శిబిరంలో మనిషికి మూడున్నర చదరపు మీటర్ల చోటు, ముప్పై మందికి ఒక మరుగుదొడ్డి ఉండాలని ఉంది. ఇరవై అడుగులకు ఇరవై అడుగుల తరగతి గదిలో ఆ లెక్కన పదిమందే పట్టాలి. మేం పడుకోబెట్టింది ముప్పై ఆరుగురిని. మరుగుదొడ్ల లెక్క నన్ను అడక్కండి.

బాబూ, నువ్వు రేపే వెళ్లి ఆ స్కూలు చూడు. పొట్లాలు తర్వాత. ఎన్ని మరుగుదొడ్లున్నాయి, తాళాలెవరి దగ్గరున్నాయి, లైటు వెలుగుతోందా, గడియ పడుతోందా, ట్యాంకులో నీళ్లున్నాయా, కరెంటు పోతే మోటారు సంగతేంటి? ఆ ఆరు ప్రశ్నలకు జవాబు దొరికితే నువ్వు సగం పని చేసినట్టే.

సందేహాల_స్వామి
మంగళవారం, రాత్రి 10:58

మాస్టారూ, మీ మాటకు ఎదురు లేదు. అయినా గడియలు బిగించడానికి ఎంతమంది వస్తారో చూస్తా.

నైట్‌డ్యూటీ_అక్క
బుధవారం, ఉదయం 6:20

డ్యూటీ దిగి చదువుతున్నా. మాస్టారు చెప్పిన గడియ గురించి నర్సుగా ఇంకో మాట. చీకటి, గడియ లేని తలుపు, పక్కన మగాళ్ల వరస. ఇవి చూసిన ఆడవాళ్లు ఏం చేస్తారో తెలుసా? నీళ్లు తాగడం మానేస్తారు. సాయంత్రం నాలుగింటి నుంచే. రెండో రోజుకు మూత్రంలో మంట, జ్వరం, కళ్లు తిరగడం. వైద్య శిబిరానికి వచ్చి ‘తలనొప్పి బిళ్ల ఇవ్వమ్మా’ అంటారు, అసలు సంగతి చెప్పరు. కాబట్టి బల్బు కూడా మందే అనుకో.

మిగతావి గబగబా చెబుతా. వచ్చినవాళ్లను మొదటి గంటలోనే అడగాల్సింది పేరు, ఊరు కాదు. బీపీ, షుగరు, ఫిట్స్, టీబీ మాత్రలు వేసుకునేవాళ్లెవరు, తెచ్చుకున్నారా, ఎన్ని రోజులకున్నాయి? కాన్పు దగ్గరపడ్డవాళ్లెవరు? నెలలు నిండినవాళ్లను తుఫాను రాకముందే ఆసుపత్రికి చేర్చమని ఏఎన్‌ఎంలకు ముందే చెబుతారు. అయినా ‘ఇంకా టైముందిలే’ అని ఒకరిద్దరు మిగిలిపోతారు. వాళ్లను ఆశా కార్యకర్తకు చూపించడమే నీ పని, అంతకు మించి వైద్యం చేయకు. ఇన్సులిన్ ఉన్నవాళ్లకు ఫ్రిజ్ లేకపోతే కొత్త కుండలో కొంచెం నీళ్లు పోసి, సీసాను కవర్లో కట్టి అందులో పెట్టండి.

నీళ్ల ట్యాంకు నమ్మొద్దు. అర గ్రాము క్లోరిన్ బిళ్ల ఒకటి ఇరవై లీటర్లకు వేసి, అరగంట ఆగి తాగాలి. వాసనొస్తోందని పారబోస్తారు, కాపలా ఉండాలి. విరేచనాలు మొదలై ఓఆర్‌ఎస్ ప్యాకెట్ అందకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా తలకొట్టి కొలవండి, గోపురం కట్టొద్దు.

పసిబిడ్డలకు పాలపొడి డబ్బాలు, పాల సీసాలు పంచొద్దు. దానం చేసేవాళ్లకు ఇది చెబితే కోపం వస్తుంది. ఆ సీసా కడగడానికి శుభ్రమైన నీళ్లేవి? తల్లికి ఒక చీర అడ్డం కట్టి మూల చోటివ్వండి, వేడిగా ఒక పూట అన్నం పెట్టండి, పాలు వాటంతటవే వస్తాయి.

జనరేటర్ వరండాలో కూడా పెట్టొద్దు, బయట దూరంగా పెట్టాలి. ఆ పొగ గదిలోకి వస్తే నిద్రలోనే ప్రాణం పోతుంది.

ఒకటి మరిచిపోయా. నేల మీద పడుకున్నవాళ్లను కట్లపాము కరిస్తే కాటు సరిగ్గా కనపడదు. తెల్లవారుజామున ఎవరైనా కడుపునొప్పి అంటూ, కనురెప్పలు వాలిపోతుంటే గ్యాస్ అనుకుని సోడా తాగించకండి. 108కి ఫోన్. కోయడం, కట్టుకట్టి బిగించడం, మంత్రం ఏవీ వద్దు.

బైరాగిపట్టెడ_బాబు
బుధవారం, ఉదయం 8:05

అక్కా, ఇదంతా కాగితం మీద రాసుకున్నా. చదువుతుంటే భయమేసింది. బుద్ధి కూడా వచ్చింది. మధ్యాహ్నం స్కూలు చూసొస్తా.

సచివాలయం_చెల్లి
బుధవారం, ఉదయం 9:40

నేనూ ఒక సచివాలయంలోనే పని చేస్తున్నా (మీ వార్డు కాదు). అన్నయ్యా, ఒక ముఖ్యమైన మాట. అక్కడికి పోయి ‘నేను వాలంటీర్ని’ అని మాత్రం అనకు. పోయిన ఏడాది ఒకబ్బాయి అలాగే అని ఇరుక్కున్నాడు. అవ్వలంతా చుట్టూ మూగి ‘నాయనా, నా పింఛను ఎందుకు తగ్గింది’ అని అడిగారట. ఇంటికే పింఛను తెచ్చిచ్చిన ఆ వాలంటీర్ల వ్యవస్థ ఎప్పుడో పోయినా మాట మాత్రం పోలేదు. ‘సాయానికి వచ్చాను’ అను చాలు.

రెండోది డబ్బుల జాబితా. 2025 అక్టోబర్‌లో మొంథా తుఫానుకు శిబిరాల్లో ఉన్నవాళ్లకు మనిషికి వెయ్యి, కుటుంబానికి మూడు వేలకు మించకుండా ఇచ్చారు. ఇరవై అయిదు కిలోల బియ్యం, మత్స్యకారులకైతే యాభై. ఈసారి ఏం ఇస్తారో, అసలు ఇస్తారో లేదో ఉత్తర్వు వచ్చేదాకా మాకే తెలీదు. నువ్వు నోరు జారి ‘వస్తాయి’ అన్నావంటే నెలరోజులు నీ ఇంటి ముందు జనమే. పేర్ల రిజిస్టర్ కూడా ముట్టుకోవద్దు. దాంట్లో ఒక పేరు తప్పిపోతే జరిగే గొడవ తుఫానుకన్నా పెద్దది. రాయడం మా పని. రాసేటప్పుడు ముసలివాళ్ల ఆధార్ కార్డు తడవకుండా కవర్లో పెట్టించి పక్కన నిలబడితే అదే పెద్ద సాయం.

చిత్తూరు_పాలబండి
బుధవారం, ఉదయం 11:15

అందరూ వచ్చినవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. రానివాళ్ల సంగతి?

మాది చిత్తూరు పక్క పల్లె, పాల సేకరణ బండి నాది. మా వైపు సగం ఇళ్లు ఆవు మీదే బతుకుతాయి. మొన్నోసారి వంక పొంగుతోందని రాత్రి అధికారులు వచ్చి స్కూలుకు రమ్మంటే ఒకాయన రానన్నాడు. మొండివాడని అందరూ తిట్టారు. నేను పోయి అడిగితే ‘రెండు ఆవులు, ఒకటి చూలు. నేను స్కూల్లో పడుకుంటే ఇవెక్కడ పడుకుంటాయి?’ అన్నాడు. అంతే. మిట్ట మీద ఒకరి మామిడితోటలో షెడ్డు ఖాళీగా ఉంటే మాట్లాడి ఆవుల్ని అక్కడ కట్టేశాం. పది నిమిషాల్లో చాప చంకన పెట్టుకుని ఆయనే స్కూలుకు వచ్చాడు. ఆవుకు చోటు చూపిస్తే మనిషి తనంతట తనే వస్తాడు. లేదంటే వచ్చినా అర్ధరాత్రి గోడ దూకి పాలు పితకడానికి పోతాడు. నీళ్లలో కొట్టుకుపోయేది అలాంటప్పుడే.

షెడ్డు దొరక్కపోతే కనీసం తాడు విప్పి వదలమనండి. 2025 నవంబర్‌లో కేవీబీపురం వైపు చెరువు కట్ట తెగి కళత్తూరు మునిగినప్పుడు ఎన్ని పశువులు పోయాయో చూశాం కదా. కట్టేసిన జీవం ఈదలేదు.

పులికాట్_పిట్ట
బుధవారం, మధ్యాహ్నం 1:30

ఇప్పటిదాకా సాయం చేసినవాళ్లు రాశారు. నేను తీసుకున్నదాన్ని. సూళ్లూరుపేట దగ్గర యానాది కాలనీ మాది. కాళంగి పొంగినా, పైనుంచి వాన పట్టినా ముందు మా ఇళ్లే. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు స్కూలు గదిలో పడుకున్నానో లెక్కలేదు. ఇప్పుడు డిగ్రీ అయిపోయింది.

నాకు అన్నం గుర్తులేదు. ఎప్పుడూ పెట్టారు, అబద్ధం చెప్పను. గుర్తున్నది ఫొటో. తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఒక పెద్దాయన దుప్పటి ఇస్తూ నా చేతిలో సగం, తన చేతిలో సగం పట్టుకుని ఫొటో వచ్చేదాకా వదల్లేదు. ‘ఇటు చూడమ్మా’ అన్నాడు. తడిసిన లంగా ఓణీ ఒంటికి అతుక్కుని ఉంది. ఆ ఫొటో మర్నాడు మా క్లాసులో అందరి అమ్మానాన్నల ఫోన్లలోనూ ఉంది. ఆ దుప్పటి నేను కప్పుకోలేదు.

ఇంకొకటీ గుర్తుంది. మాండూస్ తుఫాను అప్పుడు, 2022 డిసెంబర్. ఒక అన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు, జేబు నిండా చార్జర్లు తెచ్చాడు. జనరేటర్ రెండు గంటలే వేస్తారు. అందరి ఫోన్లూ తీసుకుని, ఒక్కొక్క దాని వెనక దెబ్బలకు వేసే ప్లాస్టర్ ముక్క అంటించి, పెన్నుతో పేరు రాశాడు. మా జేజిది (నాయనమ్మది) బటన్ల ఫోను, దాని పిన్ను సన్నది. అలాంటి చార్జర్ కూడా ఉంది అతని దగ్గర! ఆ రాత్రి జేజి చెన్నైలో కూలికి పోయిన మా నాయనతో మాట్లాడింది. ప్లాస్టర్ ముక్క ఇప్పటికీ ఆ ఫోను వెనకే ఉంది, పేరు అరిగిపోయింది.

పాత బట్టల గురించి అడిగారు కదా. ఒకసారి మూటలు విప్పితే బిగుతు జీన్సులు, పెళ్లిలో వేసుకునే చమ్కీల గౌన్లు, చినిగిన బనీన్లు. మాకు కావాల్సినవి నైటీలు, లోపల లంగాలు, లుంగీలు, తువ్వాళ్లు, పిల్లల నిక్కర్లు. శానిటరీ ప్యాడ్లు అయితే పేపర్లో చుట్టి ఒక అక్క చేతికివ్వండి, బల్ల మీద పేర్చి ‘కావాల్సినవాళ్లు తీసుకోండి’ అనకండి. ఎవరూ తీసుకోరు.

స్వర్ణముఖి_గట్టు
బుధవారం, మధ్యాహ్నం 1:52

చెల్లీ, ఆ ఫొటో సంగతి చదివి ఫోన్ పక్కన పెట్టేశాను కాసేపు.

సందేహాల_స్వామి
బుధవారం, మధ్యాహ్నం 2:20

తల్లీ, నువ్వు చెప్పింది నిజం. మరి ఇంకో వైపు? చందా ఇచ్చినవాడు లెక్క అడుగుతాడు. ఫొటో పెట్టకపోతే మింగేశారంటాడు. మేం అపార్ట్‌మెంట్‌లో ఒకసారి ముప్పై రెండు వేలు వసూలు చేసి ఇచ్చాం, ఫొటోలు పెట్టలేదు. ఇప్పటికీ లిఫ్టులో ఒకాయన అదోలా చూస్తాడు.

వంటమాస్టర్_రేణిగుంట
బుధవారం, మధ్యాహ్నం 2:31

బియ్యం మూటలకు ఫొటో తీయండి, బిల్లుకు తీయండి, పొయ్యి మీద ఉడుకుతున్న సాంబారుకు తీయండి. సాంబారుకు సిగ్గుండదు. తింటున్న మనిషి మొహం ఎందుకు?

మోడరేటర్
బుధవారం, సాయంత్రం 4:00

చర్చ బాగుంది, పైన పిన్ చేస్తున్నా. రాష్ట్ర విపత్తుల సంస్థ కంట్రోల్ రూమ్ 1070, జిల్లా కంట్రోల్ రూమ్ 1077, ఎమర్జెన్సీ 112, అంబులెన్స్ 108. ‘ఫలానా చెరువు తెగిందట’ అనే ఫార్వర్డ్‌లు ఇక్కడ పెడితే తీసేస్తాను. 2021లో రామచంద్రాపురం దగ్గర రాయలచెరువు కట్టకు గండి ప్రమాదం వచ్చి కింది ఊళ్లు ఖాళీ చేయించారు. కట్ట నిలబడింది. ఫోన్లలో మాత్రం రోజుకు నాలుగుసార్లు తెగింది. మా బంధువులు ఆ పుకారు విని రాత్రిపూట పిల్లల్ని చంకనెత్తుకుని చీకట్లో పరిగెత్తారు, ఒకామె కాలు విరిగింది.

బైరాగిపట్టెడ_బాబు
బుధవారం, రాత్రి 8:45

స్కూలు చూసొచ్చా. మాస్టారూ, మీరు అక్కడ నిలబడి రాసినట్టే ఉంది. మరుగుదొడ్లు ఆరు. రెండింటికి తాళం, చెవి వాచ్‌మన్ దగ్గరే ఉంది. నాలుగింటిలో మూడింటికి గడియ లేదు. బల్బు ఒక్కటే, అదీ బయట. నీళ్ల ట్యాంకు మూత పగిలి లోపల ఆకులు. సచివాలయం సార్‌కు చూపిస్తే ప్లంబర్ను పంపిస్తానన్నారు, నిజంగానే పంపారు, ట్యాంకు కడిగించారు. గడియలు మాత్రం మేమే కొన్నాం. ఇనుప సామాన్ల షాపాయన ఎందుకని అడిగి, సంగతి చెబితే మూడింటికి నూట యాభై తీసుకుని స్క్రూలు ఊరికే ఇచ్చాడు. పులిహోర డబ్బుల్లో మొదటి ఖర్చు.

స్క్రూడ్రైవర్ పట్టుకోవడం ఇదే మొదటిసారి. ఒకటి వంకరగా వచ్చింది, పడుతుంది.

వాకాడు_మాస్టారు
బుధవారం, రాత్రి 9:02

లోపలి వైపే బిగించావా?

బైరాగిపట్టెడ_బాబు
బుధవారం, రాత్రి 9:04

మొదటిది బయట బిగించాం మాస్టారూ. నా ఫ్రెండ్ లోపలికి పోయి తలుపు వేసుకున్నాక తెలిసింది. విప్పి మళ్లీ పెట్టాం.

నైట్‌డ్యూటీ_అక్క
గురువారం, రాత్రి 7:15

వాన గట్టిగానే పట్టింది. బాబూ, అండర్‌బ్రిడ్జిల వైపు బైకు తిప్పకు, పారే నీళ్లు మోకాలి దాకా ఉన్నా దిగకు. నువ్వు పడితే నిన్ను వెతకడానికి నలుగురు పోవాలి.

బైరాగిపట్టెడ_బాబు
శుక్రవారం, తెల్లవారుజాము 4:40

నిద్ర రావడం లేదు, రాస్తున్నా. రాత్రి తొమ్మిదికల్లా నూట పన్నెండు మంది వచ్చారు. ఉల్లిపాయలు రెండు బుట్టలు కోశాం. వంటక్క నా ముక్కలు చూసి ‘ఇవి సాంబారుకు కాదు నాయనా, గోడకు కొట్టేటివి’ అంది. తర్వాత తనే కోసి చూపించింది.

ఒక అవ్వ వచ్చింది. చీర కొంగు కింద ఏదో దాచుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. ఎవరడిగినా పలకదు. పిట్ట అక్క చెప్పినట్టు ఫోన్లు తీసుకుని ప్లాస్టర్ అంటిస్తూ ఆమె దగ్గరికి పోతే, ఫోను లేదంది. అప్పుడు కొంగు కదిలింది. లోపల కోడిపెట్ట. ‘స్కూల్లో కోళ్లను ఉండనీరంట కదా నాయనా’ అంది భయంగా. నాకు పాలబండి అన్న గుర్తొచ్చాడు. సైన్సు గది పక్కన బెంచీ తిరగేసి, మీద గోనెసంచి కప్పి గూడులా చేశాం. అవ్వ అప్పుడు అన్నం తింది. ఒంటిగంటకు కోడి గుడ్డు పెట్టింది, ఆ అరుపులకు గది మొత్తం లేచింది. తిట్టుకున్నవాళ్లూ ఉన్నారు, నవ్వినవాళ్లూ ఉన్నారు.

బల్బు బాగానే వెలిగింది. పదకొండున్నరకు కరెంటు పోయింది. ఇద్దరం టార్చి పట్టుకుని మరుగుదొడ్ల దారి మొదట్లో కుర్చీలు వేసుకున్నాం, తలుపుల వైపు వీపు పెట్టి. మొదట అరగంట ఎవరూ రాలేదు. తర్వాత ఒక పెద్దామె వచ్చింది, లోపల గడియ పడిన చప్పుడు వినపడింది. వెనక్కి పోయి ఏం చెప్పిందో ఏమో, అయిదు నిమిషాల్లో పదిమంది వచ్చారు. అక్కా, రెండింటికి నీళ్ల డ్రమ్ము ఖాళీ అయింది. మళ్లీ నింపి బిళ్ల వేశాను.

మూడు వేలలో రెండు వేల నాలుగొందలు మిగిలే ఉన్నాయి. మూడో రోజుకు ఉంచాం. ఇబ్బంది ఒక్కటే. మేం ముగ్గురం రెండు రాత్రులు లాగగలం. శనివారం రాత్రి పది నుంచి రెండు దాకా కుర్చీలో ఎవరూ లేరు. ఆడవాళ్లు ఒకరుంటే ఇంకా మంచిది.

సందేహాల_స్వామి
శుక్రవారం, ఉదయం 6:10

నేనూ, మా ఆవిడా వస్తాం. స్కూలు ఎక్కడో మెసేజ్ పెట్టు. టార్చి ఉందా, తేవాలా?

బైరాగిపట్టెడ_బాబు
శుక్రవారం, ఉదయం 6:14

టార్చి ఉంది సార్. సెల్లులు తెండి. గుప్పెడు నూకలు కూడా, కోడికి.